తరుగు

మా నాయిన ఎనుమాముల మార్కెట్ల కాంటా పెట్టెటోడు.
మిర్చి బస్తా ఎక్కంగనే
తేమకని కొంత, గోనెకని కొంత,
దుమ్ముకని ఇంకింత తీసేసి
మిగిలింది గట్టిగ ఒర్రెటోడు.
దాన్ని తరుగు అంటరు.
రైతు ఒకసారి ముల్లు దిక్కు చూసి
ఇంకోసారి మా నాయిన మొకం దిక్కు చూసెటోడు.

నేను మనుషుల్ని జోకుత.
యూనివర్సిటీ ప్రాజెక్టు, పదకొండు నెలల కొలువు.
జీపుల ఒక మిషిను, ఒక టేపు, ఒక పీట,
పటకారు లెక్క ఉండే కాలిపరు.
దండ వెనుక, రెక్క కింద, డొక్క మీద
తోలును మడిచి పట్టి
లోపల కొవ్వెంతో మిల్లీమీటర్లల్ల చెప్తది.
చలికాలం ముట్టిస్తే అందరు ఒక్క తీరే ఉలిక్కిపడుతరు.
గా ఉలికిపాటుకు మాత్రం పట్టిక లేదు.

ములుగు దాటినంక తాండాల
గుగులోతు సక్రి మిషినెక్కింది.
మోచేయి దాటి గాజులు, కాళ్ళకు వెండి,
రవికె నిండ అద్దాలు, పాత పైసలు.
"లోహం తియ్యాలె అవ్వా" అన్న.
"ఆయన బతికున్నడు" అన్నది.
నేను మూడు కిలోల రెండు వందలు తరుగు రాసిన.
ఎట్ల తెలిసిందంటే,
ఆమె తోటికోడలుకు మొగడు లేడు.
ఇప్పిన గాజులన్ని బట్టల మూటగట్టి
దూలానికి ఏలాడదీసుకున్నది.
ఆ మూటను దింపించి జోకిన.
మళ్ల కట్టేటప్పుడు ఆమె ముడి
ముందటికంటె గట్టిగేసింది.

కోయగూడెంల పూనెం ఎర్రమ్మ పాదాలను
మిషిను గుర్తుపట్టలే.
పగిలిన మడిమెలల్ల కరెంటు పారది.
తడిగుడ్డతోని తుడిచిన. మళ్ల తుడిచిన.
"ఎవలూ నా కాళ్ళు కడగలే బిడ్డా" అని
ఎర్రమ్మ పైట నోట్ల కుక్కుకున్నది.
నాలుగోసారి మిషిను ఒప్పుకున్నది.
ఒప్పుకొని, జాతేందని అడిగింది.
మూడే మీటలు: తెల్లోళ్ళు, నల్లోళ్ళు, ఆసియా.
"ఆసియా అంటే యాడ? తాడ్వాయి అవతల్నా?"
అవతలనే అన్న.
ఏదో పట్నంల కాలేజీ పిల్లల ఒళ్ళు మీద కట్టిన సూత్రం అది.
వాళ్ళెవ్వరు తునికాకు కోయలే,
వరదల మోకాటి లోతు వాగు దాటి
చౌక బియ్యం మోయలే.

పీట మీద కూసోబెట్టి కొలిచిన.
కాళ్ళు పొడుగు, మొండెం పొట్టి.
బరువును ఎత్తుతోని రెండుసార్లు భాగిస్తే
పదహారున్నర.
దాని కింద ఎర్రగీత: తీవ్ర లోపం.
గీత అంత నిజం కాదు,
పొడుగు కాళ్ళు భాగహారంల ఎక్కువ తిన్నయ్.
అట్లని అబద్ధమూ కాదు,
సీసాల పట్టిన నెత్తురు పలచగున్నది.
ఏది కాళ్ళ పొడుగో, ఏది ఆకలో
ఇడదీసే తరుగు నాకు రాదు.

"కల్లంల కట్టకు యాభై ఆకులంటరు" అన్నది ఎర్రమ్మ,
"అరవై కడితెనే యాభై అయితయ్.
మీ తాన ఎన్ని కడితే ఎన్ని?"

ఆ రాత్రి హన్మకొండల కిరాయి రూంల
తలుపేసుకొని నేనే ఎక్కిన.
ఎముకలే ఉన్నయని అందరనే ఒళ్ళు నాది.
కొవ్వు, నూటికి ముప్పై ఆరు.
దిగి మళ్ల ఎక్కిన. ముప్పై ఆరే.
పొద్దుగాల సారుకు చెప్తే నవ్విండు,
"పైకి బక్కగుండి లోపల దాసుకునే రకం మనది."
మనది అన్నప్పుడు ఎవలెవల్ని కలుపుకున్నడో
అడుగుదామనుకొని అడగలే.

రిమార్కుల గడిల రాసిన:
మడిమెలు పగుళ్ళు. నాలుగోసారి ఒప్పుకున్నది.
కంప్యూటర్ల ఆ గడి ఎక్కదన్నరు.

నాయిన కాంటాకు ముల్లుండేది,
ఊగి ఊగి ఒక తాన ఆగేది.
దీనికి ముల్లు లేదు.
ఎర్రమ్మ దిగేదాక
నా మొకమే చూసింది.