పొడి బరువు

ఆకుని ముట్టుకునే ముందు దూదితో తుడవాలి.
ఈ మాట పద్ధతుల అధ్యాయంలో ఎక్కడా లేదు.
పోర్టు వైపు నుంచి గాలి తిరిగిన రాత్రి
గాజు గది కప్పు సందుల్లోంచి
బొగ్గు నుసి దిగి ప్రతి ఆకు మీదా కూర్చుంటుంది.
తుడవకుండా మీటరు నొక్కితే
పచ్చదనం తక్కువని చెబుతుంది.
తప్పు ఆకుది కాదు, ఊరిది.

నూట ఇరవై కుండీలు. అన్నీ చోడి మొక్కలు.
మొదటి వరుసకి ఉత్త మేఘాద్రిగెడ్డ నీళ్లు.
రెండో వరుసకి కాస్త ఉప్పు, మూడోదానికి ఇంకాస్త.
నాలుగో వరుసకి
ఆర్కే బీచిలో ముంచిన బకెట్టులో మూడో వంతు ఉప్పదనం.

ఉప్పు తూచేది నేనే.
మూడు దశాంశాల దాకా తూచి,
మంచినీళ్లంత అమాయకంగా కనిపించేదాకా కలిపి,
వేళ్ల దగ్గర వంచేదీ నేనే.
"ఏటమ్మా, పెంచుతున్నావా, సంపుతున్నావా?"
మొదటి వారమే అడిగాడు అటెండరు సూరప్పడు.
రెండూను, అన్నాను.
అతను నవ్వలేదు.

గింజలు చేపలుప్పాడ అవతల
బోర పైడమ్మ గారి చెక్కలోవి.
తుఫాను నాడు సముద్రం గట్టెక్కి వచ్చి
మూడు రోజులు కాపురమున్న చెక్క అది.
మరుసటేడు చల్లినదేదీ మొలవలేదు.
ఎవరూ చల్లని గట్టు వార
నాలుగు దుబ్బులు లేచాయట.
పౌడరు డబ్బా మూతలో పోసి ఇచ్చిందావిడ.
ఈ రకం పేరేమిటమ్మా అంటే
"పేరేటి? చోడే" అంది.
నా పుస్తకంలో దాని పేరు సీపీ పదకొండు.

ఐదో వారానికి నాలుగో వరుస
పొయ్యి పక్కన పెట్టిన కాగితాల్లా అంచులు చుట్టుకుంది.
ముప్పైలో ఇరవై తొమ్మిది పోయాయి.
పదిహేడో కుండీ ఒక్కటే
వచ్చిన ఉప్పునంతా ముదురాకుల్లోకి తోసి,
వాటిని ఒక్కొక్కటే రాల్చుకుంటూ,
నడిమి ఆకుని తడిగా దాచుకుంది.
ప్రేమ కొద్దీ అంటున్న మాట కాదిది.
రాలిన ఆకుని బూడిద చేసి, కరిగించి, మంటకి పట్టిస్తే
మంట పసుపు పచ్చగా ఎగిసింది.
లేతాకు చివర కొంచెం తుంచి పట్టిస్తే
నీలం నీలంగానే ఉండిపోయింది.
ఆ నీలాన్ని చూపిద్దామని సూరప్పడిని పిలిచాను.
"గేసు పొయ్యే కదా" అన్నాడు.

డెబ్బై ఏడో రోజున ఎన్ను తీసింది.
పసిపిల్ల పిడికిలంత కూడా లేదు.
తొంభయ్యో రోజున అన్నింటినీ మొదలంటా కోయాలి,
డెబ్బై డిగ్రీల ఓవెన్లో రెండు రోజులు ఉంచాలి.
పొడి బరువు అంటే
నీరంతా పోయాక మిగిలే మొక్క.
"ఒక్కటే మిగిలింది మేడమ్, గింజ ఇంకా పాలు మీదే ఉంది" అన్నాను.
సుభాషిణి మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.
"ఒక్కటే మిగిలింది కాబట్టే
దాని బరువు కావాలి."
ఆ మాటలో తప్పు వెతికాను.
దొరకలేదు.

కోశాను.
కత్తెర చప్పుడు ఎప్పటిలాగే చిన్నది.
కాగితం కవరు మీద పెన్సిలుతో నాలుగు, పదిహేడు అని రాశాను.
రెండు రోజుల తర్వాత
రెండు గ్రాముల మూడు వందల పద్దెనిమిది మిల్లీగ్రాములు.
పక్కన గమనికల గడిలో
ఇంకో ముక్క కూడా రాశాను:
ఒక పిలక మినహా.
మేడమ్ ఇంకా ఆ పేజీ దాకా రాలేదు.

ఆ పిలక ఇప్పుడు జ్ఞానాపురంలో,
మా రెండో అంతస్తు పిట్టగోడ మీద,
అడుగున మేకుతో చిల్లు పొడిచిన నూనె డబ్బాలో ఉంది.
తెల్లారేసరికి దాని మీద బొగ్గు నుసి.
దూది ఉంది. తుడిచాను.
ఇక్కడ మీటరు లేదు, వరుస లేదు, నెంబరు లేదు.
ఒక చేతిలో కుళాయి నీళ్ల చెంబు.
రెండో చేతిలో, అలవాటు కొద్దీ,
వంటింట్లోంచి తెచ్చేసిన ఉప్పు డబ్బా.
కింద బొగ్గు రైలు పోతోంది.
పెట్టెలు లెక్కపెడుతూ
ఇంకా అలాగే నిలబడి ఉన్నాను.