పదకొండో గది

బ్రస్సెల్స్‌లో మధ్యాహ్నం మూడున్నర.
గాజు గూటిలో నేను, చెవులకు హెడ్‌ఫోన్లు.
నా నాలుక ఈ పూటకి ఇంకొకరిది.
ఇటు స్లొవేనియా మాట పోస్తే
అటు ఇంగ్లీషు కారాలి, తొణక్కుండా.
దుభాషి బతుకంతా ఇంతే.

కింద లాడం ఆకారంలో బల్లలు.
చట్టాలు చేసేవాళ్ళు నలభై మంది ఉండాల్సిన చోట
పద్నాలుగురు, అందులో ఇద్దరు ఫోన్లలో.
హోటళ్ళ సంఘం తరఫున ఈరోజు మాట్లాడేది
మిలోయ్కా హ్రిబెర్నిక్,
సోచా నది ఒడ్డున పదకొండు గదుల సత్రం నడిపే మనిషి.
కొత్త బూటు కరిచినట్టుంది,
బల్ల కింద ఒక మడమ బయటికి తీసి కూర్చుంది.

సంఘం వాళ్ళు రాసిచ్చిన కాగితం నా దగ్గరా ఉంది:
భోజనం మీద పన్ను తగ్గించండి,
వంటవాళ్ళకు వీసాలు తొందరగా ఇవ్వండి,
పంచదార పొట్లాలు నిషేధించేముందు మమ్మల్నీ ఒక మాటడగండి,
ఇళ్ళను రోజువారీ అద్దెకిచ్చేవాళ్ళకూ మా లెక్కే ఉండాలి...
మొత్తం తొమ్మిది కోరికలు, మూడు నిమిషాలు.
ఒక్కో కోరికకు ఇరవై సెకన్లు.
గుడ్డు పెంకు కూడా వేడెక్కదు.

మొదటి రెండూ పాఠం అప్పజెప్పినట్టు చదివింది.
మూడోదాని దగ్గర కళ్ళజోడు తీసేసింది.

"మా భాషలో గోస్త్ అంటే అతిథి.
చిక్కగా ఉన్నదాన్నీ గోస్త్ అనే అంటాం.
అతిథి వస్తే సూపు చిక్కబడాలనేది మా అత్త."

నేను తడబడ్డాను.
ఇంగ్లీషులో ఆ రెండు మాటలూ
ఒకదాని మొహం ఒకటి ఎరగవు.
నేను ముడి విప్పేలోపు ఆమె సూపు దాటి వెళ్ళిపోయింది.

"నా వంటవాడు రామిజ్, బోస్నియా మనిషి.
ఏడు నెలలు కాగితాలకోసం కాచుకుని వచ్చాడు.
చేప మొప్ప ఎత్తి చూసి
ఏ నీళ్ళలో పెరిగిందో చెప్తాడు.
వచ్చాడు సరే, పడుకోవడానికి చోటేదీ?
మా వీధిలో పంతొమ్మిది ఇళ్ళు.
పన్నెండింటికి తలుపు పక్కన అంకెల డబ్బా,
అందులో తాళంచెవి.
దీపం వెలిగితే వెలిగించింది ఎవరో తెలీదు,
చలికాలమంతా వెలగదు.
రోజూ రొట్టె కొనేవాళ్ళు లేక
బేకరీ మూతపడింది.
ఆదరణ అమ్ముకుని బతికేవాళ్ళం మేం,
సిగ్గేం లేదు, అమ్ముకుంటాం.
కానీ అమ్మేముందు కాస్తయినా
ఇంట్లో ఉండాలి కదండీ అది!"

ఫోన్లలో ఉన్న ఇద్దరిలో ఒకాయన తలెత్తాడు.
అధ్యక్షుడు పెన్సిల్‌తో గడియారం చూపించాడు.
ఆమె ఊపిరి తీసుకుంది,
ఇంకేదో, కాగితంలో లేనిదేదో,
నోటిదాకా తెచ్చుకుంది.
మైకు మీద ఎర్రదీపం ఆరింది.

నా చెవుల్లో నిశ్శబ్దం.
గాజు అవతల ఆమె పెదాలు ఇంకా కదులుతున్నాయి.
సొంత భాషలో పెదాలు కూడా వినపడతాయి:

"పదకొండో గది పనివాళ్ళది.
నిరుడు నేనే సున్నం కొట్టించి, కర్టెన్లు మార్చి
టూరిస్టులకిచ్చేశాను.
రామిజ్ కారులో పడుకుంటున్నాడు."

మైకులో పడనిది మాట కాదు. మా రూలు అది.
"మైకు ఆగింది" అన్నాను ఇంగ్లీషులో,
నా గొంతుతోనే, నా మాటగానే.
అధ్యక్షుడు కృతజ్ఞతలు చెప్పాడు.
అవి మాత్రం జాగ్రత్తగా
ఆమె చెవికి చేర్చాను.

మర్నాటి నివేదికలో ఒక్క వాక్యం ఉంది:
వక్త తొమ్మిది ప్రాధాన్యాలనూ సమర్థించారు.

లేచేముందు ఆమె బూటు తొడుక్కుని
ఇటూ అటూ వాళ్ళు వదిలేసిన కాఫీ కప్పులు
ఒకదాంట్లో ఒకటి పేర్చింది, అలవాటు కొద్దీ,
చెంచాలన్నీ ఒక పక్కకి.
ట్రే పట్టుకుని పరుగున వచ్చిన కుర్రాడు
మీరెందుకమ్మా, వదిలెయ్యండన్నట్టు చెయ్యి ఊపాడు.
ఆమె అతన్ని ఏదో అడిగింది.
అతను ఎటో, చాలా దూరం, వేలు చూపించాడు.
ఎక్కడుంటావు అని అడిగిందనుకుంటాను.
గాజు మసకగా ఉంది, ప్రమాణం చేసి చెప్పలేను.