లేకుండా

చెత్త పారేసి వస్తానని మేడమ్‌కు చెప్పి
బయటపడినా ఆ రాత్రి.
అబద్ధం కాదు, నల్ల సంచిలో ఉన్నది నేనే:
రెండు నైటీలు, పిల్లోడి ఫోటో,
ఇరవై రెండు నెలల జీతం రావాలని
క్యాలెండరు వెనక రాసుకున్న లెక్క.

హసావీలో మెట్ల కింది గది. పదకొండు మందిమి.
ఏసీ కార్చే నీళ్లు పెయింటు డబ్బాలో పట్టి
వంతులేసుకొని మొగం కడుక్కునేది.
పాస్‌పోర్టు మేడమ్ బీరువాలో,
అకామా తీరి మూడేండ్లు.
మాబోటోళ్లకు మనోళ్లే పెట్టినారు పేరు: ఖల్లివెల్లి.
పోతే పోనీ అని అర్థమంట.

ఒక శుక్రవారం మునీరా వచ్చింది, మందుల సంచితో.
త్సెహై కాలి పుండు కడిగి కట్టు కట్టింది.
ఈ దేశపు మనిషి, దయ చూపి పోతాదిలే అనుకున్నా.
దయకు ఊదు పొగ మాదిరి ఒక వాసన ఉంటాది,
ఇండ్లల్లో పనిచేసిన ముక్కుకు తెలుస్తాది.
ఈమె దగ్గర సుద్దముక్క వాసన.
పిల్లోళ్లకు లెక్కలు చెప్తాదంట.

నీ బతాకా ఎట్లుంటాదో చూపీ అంటే నవ్వింది.
ఇక్కడే పుట్టింది. వాళ్ల నాయనా ఇక్కడే.
వాళ్ల జేజి ఈ ఇసకలోనే ఒంటెలు మేపింది.
కార్డు లేదు.
"బిదూన్" అనింది.
అంటే ఏమి?
"లేకుండా."
ఏం లేకుండా? అని నా వంటింటి అరబ్బీలో అడిగినా.
"ఆ మాట అంతవరకే," అనింది,
"తర్వాతిది మాకెవరూ చెప్పలేదు."

వాళ్లు మైదానంలో కూర్చునే రోజు
మేము చిత్రాన్నం కలిపినాం, అదే పెయింటు డబ్బా కడిగి.
పెంచలమ్మ ఒప్పుకోలేదు:
షుర్తా వస్తే వాళ్లను కొట్టి వదుల్తారే,
మనల్ని ఇమానం ఎక్కిస్తారు.
ఆమె మాటలో తప్పేం లేదు.
అయినా నిమ్మకాయలు పిండింది ఆమే,
ఇత్తనాలు ఏరింది ఆమే.
తిరిగొచ్చేటప్పుడు దొరికిందీ ఆమే.

అప్పుడే క్షమాభిక్ష అన్నారు.
ఫారాలు పట్టుకొని ఒక పెద్దమనిషి వచ్చినాడు,
అదృష్టవంతులమ్మా మీరు అన్నాడు.
తప్పు చేసినోళ్లకు గదా క్షమ,
అడుక్కునేటోళ్లకు గదా భిక్ష.
సార్, నాది జీతం, అన్నా.
దానికి ఫారం లేదన్నాడు.

మళ్లీ శుక్రవారం, జైలు గోడ ముందర,
మునీరావాళ్లు వచ్చినారు అట్టముక్కలతో.
పిలవలేదు మేము.
ఒకదాని మీద పెంచలమ్మ పేరు.
అరబ్బీలో 'ప' లేదంట, బెంచలమ్మ అని రాసినారు.
బెంచలమ్మను వదలండి, జీతమియ్యండి, అని
మీసాలు కూడా రాని పిల్లోళ్లు అరుస్తాంటే
నవ్వొచ్చింది, గొంతులో ఏదో అడ్డం పడింది.

మార్కరు తీసుకొని కింద తెలుగులో దిద్దినా.
పకు ఎత్వమిచ్చి పక్కన సున్న పెడతాంటే
లెక్కల టీచరు గదా, వేలు పెట్టి అడిగింది:
ఈ సున్నాకు విలువుందా?
ఉండాది. తీసేస్తే పేరు పలకదు, అన్నా.
అట్టముక్కను అట్లనే చూస్తా ఉండిపోయింది.

షుర్తా వచ్చినాడు, చిన్నపిల్లోడు, చేతిలో పుస్తకం.
బతాకా, బతాకా, అని వరసగా అడిగినాడు.
త్సెహైకి లేదు. కుసుమకు లేదు. నాకు లేదు.
మునీరాకు లేదు, వాళ్ల అన్నకు లేదు,
చేతికర్ర పట్టుకున్న ఆ ముసలాయనకూ లేదు.
ఎనభై మందిలో ఎవరు యాడోళ్లో
ఏ గళ్లో రాయాలో వాడికి తెలీలేదు.
పెద్దోళ్లకు ఫోన్ చేసినాడు. ఎవరూ ఎత్తలేదు.
ఎండకు వాడి చొక్కా వీపుకు అంటుకుపోయింది.
కుసుమ నీళ్లసీసా ఇస్తే తాగినాడు,
తాగి మళ్లీ పుస్తకం తెరిచినాడు.

అంతలో పైన యాడో కిటికీ ఊచల నడుమ
పచ్చ తుండుగుడ్డ ఊగింది.
పెంచలమ్మకు ఉన్నది నీలం గుడ్డ.
ఎవరిదైతేనేమిలే, చేతులెత్తినాం అందరం.

మునీరా మాత్రం ఎత్తలేదు.
"మూడో అంతస్తు, ఎడమ నుంచి ఐదు" అని
అరచేతిలో రాసుకుంటా ఉండాది.