ఐదో పిన్ను

పెట్టె మీది బొమ్మలో మిగ్గు తళతళలాడుతోంది.
నేనెరిగిన మిగ్గు అలా మెరిసిన రోజు ఒక్కటీ లేదు.
కుడి రెక్క మొదట్లో, మూడో పలక కింద
ఎన్నిసార్లు బిగించినా చెమర్చేది.
రోజూ తెల్లారి నాలుక్కి గుడ్డ పెట్టి తుడిచేవాణ్ణి,
పసివాడి ముక్కు తుడిచినట్టు.
రంగులన్నీ ఆరాక మొదట పెట్టింది ఆ మరకే.

పొందూరులో మా వసారా సగం తవిటమ్మది, సగం నాది.
ఆమె వైపు కొండపత్తి, అరటి దొప్పలో ఏకులు, రాట్నం.
నా వైపు నలభై ఎనిమిదో వంతు యుద్ధవిమానం.
మధ్యన గీత లేదు గాని
ఆమె పత్తి నా తడి రంగు మీద వాలిన రోజున
ఇద్దరికీ మాటలుండవు.

సీటు బెల్టులు నా బీపీ మాత్రల రేకు.
ముక్కున పొడుచుకొచ్చే గొట్టం, ఆరెంపీ గారినడిగి తెచ్చిన సూది.
రేకుల అతుకులు గీయడానికి ఏ పనిముట్టూ కుదరక
ఆమె పాత వాలుగ దవడ తీసుకున్నాను,
పత్తి దువ్వి దువ్వి పళ్ళరిగిపోయింది.
ఎంత సన్నగా గీసిందంటే
ఏదో చేప విమానాన్ని రుచి చూసి వదిలేసినట్టుంది.

యాంటెన్నా తీగ కోసం ప్లాస్టిక్ పుల్లని
కొవ్వొత్తి మీద చూపి, మెత్తబడగానే రెండు చేతులా లాగాను.
తవిటమ్మ రాట్నం ఆపింది.
"ముప్పయ్యేళ్ళు ఇమానాల కాడ ఉండి, ఆకరికి
నువ్వూ నూలే వడుకుతన్నావు."
వేళ్ళ మధ్య నలిపి చూసి,
"నూరో నంబరుకి రాదులే" అంది.

ఇక పిన్నులు.
నేలమీద ఉన్నంతసేపూ ఐదు పిన్నులు పెట్టే ఉంచాలి,
ఒక్కోదానికి ఒక ఎర్ర పట్టీ.
ఎగిరే ముందు అవి పీకి, విసనకర్రలా విప్పి
పైలట్‌కి చూపించడం నా పని.
ఆయన లెక్కపెట్టుకుని బొటనవేలు ఎత్తుతాడు.
తిరిగొచ్చాక మళ్ళీ పెట్టాలి.

ఒక మార్చి నెలలో ఐదూ సాయంత్రం దాకా నా జేబులోనే ఉన్నాయి.
రాత్రి కూడా.
మర్నాడు స్టోర్లో ఇచ్చేయమన్నారు.
సంతకం పెట్టి ఇచ్చాను.

కిట్టులో కూర్చోబెట్టుకోమని చిన్న పైలట్ ఉన్నాడు.
వాణ్ణి చట్రం నుంచి విరవలేదు.

రాగి తీగ ముక్కలకి చీర అంచు దారం చుట్టి
నూకగింజంత పిన్నులు ఐదు చేశాను.
నాలుగు పెట్టాను.
ఐదోది పట్టకారులోంచి టక్కున ఎగిరిపోయింది.

ఫ్యాను కట్టేశాను. చాప దులిపాను.
పక్కింటి మోక్షిత్ బోర్లా పడుకుని టార్చి వేశాడు.
"చీమ ఎత్తుకుపోయుంటాది తాతా."
పాసింజరు వెళ్ళి ఇల్లు వణికింది, వాణ్ణి తిట్టాను,
రైలునా, వాణ్ణా, నాకే తెలీదు.
అన్నం వద్దన్నాను.
"ఒకటి లేకపోతే ఏటయిపోతాది? బొమ్మే కదా" అంది తవిటమ్మ.
అని, నా మొహం చూసింది.

తర్వాత ఏమీ అనలేదు.
పొద్దున్నించీ దువ్విన పత్తంతా ముందు పోసుకుని
చిటికెడు చిటికెడు మళ్ళీ దువ్వింది.
తొమ్మిదింటికి కరెంటు పోయింది. దీపం పెట్టుకుని దువ్వింది.
పదిన్నరకి దవడ పళ్ళ మధ్య ఎర్రగా ఏదో ఇరుక్కుంది.
"ఇదేనేటి?"

చెయ్యి వణుకు తగ్గేదాకా ఆగి, పెట్టాను.

పొద్దున్నే మోక్షిత్ వచ్చాడు.
"ఎగురుతాదా తాతా?"
"ఎగరదు. ఐదూ పెట్టే ఉన్నాయి, లెక్కపెట్టుకో."
వేలితో చూపిస్తూ లెక్కపెట్టి
నాలుగే అన్నాడు.
వంగి, కింద నుంచి చూడమన్నాను.