ఒంటిగంట రెండుసార్లు

నవంబరు మొదటి ఆదివారం
డులూత్‌లో ఒంటిగంట రెండుసార్లు వస్తుంది.
రెండు కాబోతూ కాబోతూ గడియారం
ఏదో మరిచిపోయినదానిలా వెనక్కి తిరిగి
మళ్ళీ ఒంటిగంట దగ్గరికొచ్చి నిలబడుతుంది.
ఊరంతా ఆ గంటని నిద్రలో కలిపేసుకుంటుంది.
మార్లిస్ కోస్కెలా మాత్రం
వృద్ధాశ్రమంలో పద్నాలుగో గది పక్కబట్టలు
ఆ గంటలోనే రెండోసారి మార్చింది.

పద్నాలుగో గది డొరీన్ హల్వర్సన్‌ది.
ముప్పై ఒక్క ఏళ్ళు బడి వంటశాలలో గరిటె తిప్పిన చెయ్యి
ఇప్పుడు దుప్పటి అంచుని కలియబెడుతూ ఉంటుంది.
ఆమెకి నిద్ర రాదు, లెక్కలొస్తాయి.
"నీకు గంటకెంత?"
రోజూ రాత్రి ఇదే ప్రశ్న.
"పంతొమ్మిది డాలర్ల నలభై సెంట్లు.
మొన్న వేసవిలో ముప్పై అయిదు సెంట్లు పెంచారు."
"నేను చేరినప్పుడు రెండున్నర.
ఆ గంట పట్టుకెళ్తే ఏడు రొట్టెలొచ్చేవి.
నీ గంటకెన్ని?"

దిండు సర్దుతూ మార్లిస్ మనసులో భాగహారం చేస్తుంది.
అయిదు. ఆరోది మధ్యకి విరుగుతుంది.
"ఏడే," అంటుంది.
ముసలామె మొహంలో
ఎవరో బాకీ తీర్చినంత నెమ్మది.

మార్లిస్ చెల్లెలు వెర్నాది ఇంకో గంట.
మాట రాని పిల్లల పక్కన కూర్చుని
పెన్సిల్ పట్టించే ఉద్యోగం.
బడి గంట మోగితేనే ఆమె గంట మొదలు.
మంచు ముంచి బడి మూస్తే ఆ రోజు గంటల్లేవు,
జూన్ నుంచి ఆగస్టు చివరి దాకా అసలే లేవు.
టోబియాస్ భయపడి కరిచిన ముంజేయి
మానడానికి పదకొండు రోజులు పట్టింది.
ఆ రోజులు ఎవరి గంటల కిందికీ రాలేదు.

ఒకనాడు పేపర్లో బొమ్మ వేశారు:
బళ్ళలో, ఆసుపత్రుల్లో గంట కూలి
ఎడమ నుంచి కుడికి ఎక్కుతూ పోయే గీత.
"మన కొండ రోడ్డులానే ఉంది," అంది వెర్నా,
"గడ్డకట్టిన రోజు దాన్ని ఎక్కినవాళ్ళని అడగాలి."
ఆ కాగితంలోనే బంగాళాదుంప తొక్కలు చుట్టి పారేసింది.

ఆ రాత్రి మొదటి ఒంటిగంటకి డొరీన్ ఎప్పటిలాగే అడిగింది,
మార్లిస్ ఎప్పటిలాగే ఏడంది.
తర్వాత గడియారం వెనక్కి వచ్చింది.
ఒంటిగంటా నలభైకి, రెండో నలభైకి,
దుప్పటి అంచు మీద చెయ్యి ఆగింది.
పిలుపు గంట ఎవరూ నొక్కలేదు.
నొక్కాల్సిన వేలు మార్లిస్ చేతిలోనే ఉంది.
"ఏ ఒంటిగంటా నలభై?" అని నర్సు అడిగింది.
రాయడానికి కాగితంలో ఒక్కటే గడి ఉంది.

రెండు వారాలకి వచ్చిన జీతం చీటీలో
ఆ రాత్రికి ఎనిమిది గంటలు.
ఆమె చేసింది తొమ్మిది.
కౌంటర్ వెనక కుర్రాడు మంచివాడే.
"యంత్రానికి రెండో ఒంటిగంట తెలీదండీ," అన్నాడు,
"రుజువేమైనా ఉందా?"

ఆ గంట ఉందనడానికి సాక్షి
మట్టిలో ఉంది.
కుర్రాడు ఫారం ఇచ్చాడు.
"ఆ సమయంలో చేసిన పని" అని రెండు వేళ్ళ జాగా.
పక్కబట్టలు, అనుకుంది. చెయ్యి, అనుకుంది.
అబద్ధం, అని కూడా అనుకుంది.
చివరికి "మామూలే" అని రాసి సంతకం పెట్టింది.

డిసెంబరులో డబ్బు వేరే కవరులో వచ్చింది.
పన్నులు పోగా పదిహేను డాలర్ల చిల్లర.
కారులో చెల్లెలికి తాళాలందిస్తూ మార్లిస్
మళ్ళీ భాగహారం చేసింది.
"నాలుగు," అంది.
"ఏం నాలుగు?"
"ఏం లేదు. డొరీన్‌కి చెప్పకు."