రెండో తాళంచెవి

వాల్దీవియాలో వాన ఆగదు.
అలిసిపోయి కాసేపు కూర్చుంటుంది, అంతే.
అలాంటి వేళ షట్టరు సగం దించి
వేళ్ళకంటిన ఇత్తడి పొడి ప్యాంటుకు తుడిచి
ఆ పేజీ తెరుస్తాను.
అకౌంట్ ఉందా అనడగదు. నువ్వెవరనడగదు.
ఒక గడిలో పేరు రాయమంటుంది.
నా పేరు కాదు, తన పేరు.

ఎదెల్మీరా, నా చెల్లెలు.
ఆరేళ్ళుగా నాతో మాట్లాడని మనిషి
లోకమంతటికీ తెరిచి పెట్టిన ఒక్కరోజు బతుకు
పదిహేను సెకన్ల ముక్కలుగా నా ముందు ఆడుతుంది.
అంకూద్ సంతలో కొట్టు.
పొగబెట్టిన ఆల్చిప్పల మాంసం, దండలు దండలుగా.
తన మణికట్టు మీద కొత్తగా కాలిన మచ్చ.
ఓ కుక్క, పేరు తెలీదు.
వెనక రేడియోలో ఎవరో
రేపటి గాలుల సంగతి చదువుతున్నారు.

ఎవరెవరు చూశారో తనకి తెలుస్తుందట.
ఆ జాబితాలో సరుకు కొనేవాళ్ళుంటారు,
పక్కకొట్టు తెయోలిందా ఉంటుంది.
నేనుండను.
పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ
ఎవరూ చూడట్లేదనుకుంటుందంటారు.
నేను కళ్ళు బార్లా తెరిచే తాగుతున్నాను,
పాలగిన్నెకే చూపు లేదు.

తప్పేముంది, అనుకుంటాను.
తీసున్న తలుపే కదా.
దారిన పోతూ దీపమున్న కిటికీకేసి చూడమా?
చూస్తాం. నడుస్తూ చూస్తాం.
నేను ఆగిపోయాను.

నాన్న పడవ అమ్మేటప్పుడు తననడగలేదు.
అడిగితే వద్దనేది.
అందుకే అడగలేదు.

జూన్‌లో ఓ మంగళవారం.
కొట్టు తలుపు తాళం పట్టేసింది.
ఎదెల్మీరా నవ్వుతూ తిడుతోంది, భుజంతో తోస్తోంది.
మూడోసారి తోసినప్పుడు నవ్వు లేదు.
ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ చూశాను.
పన్నెండేళ్ళ కిందట నేనే బిగించిన తాళం.
ఉప్పుగాలి తినేసింది.
రేపీపాటికి ఈ పదిహేను సెకన్లు ఉండవు.
ఆ తలుపుంటుంది. ఆ భుజముంటుంది.

ఆ రాత్రి కూర్చుని చేశాను.
ఉప్పుకి లొంగని ఇత్తడి, రెండు తాళంచెవులు.
ఒకటి డబ్బాలో పెట్టాను.
రెండోది అరచేతిలో చాలాసేపు ఉంది,
ఒంటి వేడి పట్టేదాకా.
చకావో దాటే తెల్లవారుజాము బస్సు
హారన్ కొట్టినప్పుడు దాన్నీ పెట్టేశాను.
పంపినవారు అన్నచోట ఒక గీత గీశాను.

గురువారం ఆల్చిప్పలు, కుక్క.
శుక్రవారం తలుపు.
చెయ్యి ఒకటి తాళంచెవి తిప్పింది.
ఒకే ఒక్క చప్పుడు, నూనెలో మునిగినంత మెత్తగా.
మాట లేదు, వెనక పాటా లేదు.
కెమెరా మెల్లగా తాళం కన్నం కిందకి జరిగి
అక్కడ నిలబడిపోయింది,
నేను చేసిన ప్రతిదాని మీదా
నాకు తెలీకుండానే పడే ఆకురాయి గీత దగ్గర.
పదిహేను సెకన్లూ అక్కడే.

శనివారం తన పేరు రాస్తే
కొట్టు రాలేదు, కుక్క రాలేదు.
చిన్న తాళం బొమ్మ వచ్చింది.
ఈ అకౌంట్ ప్రైవేటు, అని దాని కిందో ముక్క.

నవ్వొచ్చింది.
ముప్పయ్యేళ్ళలో ఈ ఊళ్ళో
నాకు తెరుచుకోని తలుపు లేదు.
బొమ్మ మీద వేలు పెట్టి నొక్కి చూశాను కూడా.

సోమవారం, వాన లేచి మళ్ళీ పనిలో పడ్డాక,
తాళంచెవులకు నంబర్లు కొడుతున్న కుర్రాడు ఎలియాసర్‌ని
ఏదో మాటల మధ్యలో అడిగాను,
అకౌంట్ ఎలా తెరుస్తార్రా అని.

వాడు తలెత్తకుండానే అన్నాడు:
"ముందు మీ పేరు రాయాలి, మాస్టారూ."