కుట్టు

పొట్ట మీద పదమూడు కుట్లు.
పట్టీ మార్చేటప్పుడు తలెత్తి లెక్కపెట్టాను.
ముప్పై ఏళ్లు గుంటూరు మిర్చి యార్డులో దబ్బనం పట్టినవాణ్ణి,
కుట్టు చూస్తే చాలు
కుట్టిన చేతి తొందర ఎంతో చెప్పేస్తాను.
ఈ డాక్టరమ్మ తొందరపడలేదు.
ముడికీ ముడికీ మధ్య ఒకటే దూరం.
"బాగా కుట్టావమ్మా" అన్నాను.
"పైవి నీకు కనపడుతున్నాయి మస్తానూ,
లోపల ఇంకో కుట్టుంది, నా బెంగంతా దాని మీదే" అంది.
జానెడు పేగు తీసేసి
రెండు కొసలూ కలిపిందట.

మూడు రోజులు నోట్లో చుక్క పడలేదు.
తడిగుడ్డతో పెదాలు తుడిచేది సైదాబి.
తెల్లారితే అందరిదీ ఒకటే ప్రశ్న:
"గాలి పోయిందా?"
డాక్టరమ్మ అడిగింది, రెబ్కా సిస్టర్ అడిగింది,
నేల తుడిచే కోటమ్మ కూడా
చీపురు ఆపి మరీ అడిగింది.
యాభై ఏళ్లు నలుగురిలో బిగబట్టిన సంగతి
పెద్దాసుపత్రిలో నలుగురూ ఎదురుచూసే కబురైపోయింది.
నాలుగోనాటి తెల్లారగట్ల
వచ్చింది.
పక్క మంచం యలమందయ్య దిగ్గున లేచి
"మస్తాన్ గెలిచాడ్రోయ్" అని కేకేశాడు.
సైదాబి ముఖం కొంగులో దాచుకుంది.
సిగ్గో, ఏడుపో,
నేనడగలేదు.

ముందు రెండు చెంచాల నీళ్లు.
కాసేపు ఆగి, లోపల ఏమంటుందో విని, ఇంకో రెండు.
మర్నాడు సగ్గుబియ్యం జావ, ఉప్పు కళ్లు నాలుగు.
గొంతు దిగుతుంటే
ఎక్కడెక్కడ మలుపు తిరుగుతోందో తెలిసింది.
ఇన్నేళ్లూ నాలో ఒక సందు ఉందనీ
దానికి మలుపులున్నాయనీ తెలియకుండా బతికాను.

"ముద్ద నీళ్లయ్యేదాకా నమలాలి" అన్నారు.
నమలడం నాకెక్కడిది?
వేలం గంట మోగేలోగా
కారం కలిపిన చద్దన్నం నాలుగు గుక్కల్లో మింగి
సూదిలోకి పురికొస ఎక్కించినవాణ్ణి.
ఇప్పుడు చట్నీ లేని ఇడ్లీ ముక్కతో
అరగంట కూర్చుంటున్నాను.
ఇడ్లీకి మినప్పప్పు వాసన ఉంటుందట.
ఈ వయసులో తెలిసింది.

సంగడిగుంటలో మా ఇంటికొచ్చాక
ఆరుపూట్ల తిండి, పిట్టకి పెట్టినట్టు:
మెత్తటి పెరుగన్నం, సొరకాయ, గుడ్డులో తెల్లసొన.
గోంగూర వద్దు. గింజలున్నవి వద్దు.
కారం సంగతి మళ్లీ చూద్దామన్నారు.
వీధి చివర కరెంటు స్తంభం దాకా నడక,
తర్వాత మసీదు దాకా.

పదహారో రోజు పక్కింట్లో వలీమా.
గిన్నె మూత తీసిన వాసనకి ఆగలేక
రెండు పిడికిళ్ల బిర్యానీ నమలకుండానే తిన్నాను.
రాత్రంతా పొట్ట పిండేసింది.
పచ్చి కుట్టు మీద టిక్కీ ఎత్తితే ఏమవుతుందో
కుర్రాళ్లకి చెప్పి చెప్పి తిట్టినవాణ్ణి నేనే!
సైదాబి ఒక్కమాటా అనలేదు.
పొద్దున మళ్లీ జావ పెట్టింది, అంతే.

కొక్కేనికి నా యార్డు చొక్కా.
ఎన్నిసార్లు ఉతికినా దాని మడతల్లో తేజ కాయ ఘాటు.
ఫ్యాను గాలికి అది కదిలితే తుమ్మొస్తుంది.
తుమ్మొస్తే దిండు పొట్టకి అదుముకోమంది సిస్టర్.
దిండుని కావలించుకుని
చొక్కా వంక చూస్తూ తుమ్ముతాను.

నిన్న మధ్యాహ్నం మంచినీళ్లకి లేచి
వంటింటి తలుపు వెనక చూశాను.
గోడ వైపు తిరిగి కూర్చుని,
గిన్నె ఒళ్లో పెట్టుకుని,
చప్పుడు కాకుండా తింటోంది సైదాబి.
ఎర్రటి పచ్చడి ముద్ద.
నెల రోజులుగా
ఇదే పనన్నమాట.

"ఇటు రా" అన్నాను. "నా ఎదురుగా కూర్చో."
"నీ నోరు ఊరుతుంది" అంది.
"ఊరనీ. అది బాగున్నట్టే కదా."
వచ్చి కూర్చుంది.
ఆమె ముద్ద కలుపుతుంటే
నేను పెరుగన్నం నమిలాను.
ఆమె ముక్కు ఎర్రబడింది, కళ్లల్లో నీళ్లొచ్చాయి.
నాకూ వచ్చాయి, కారం తినకుండానే.
"ఇంకొంచెం వేసుకో" అన్నాను.